మూడో బోర్డు

పటాన్‌చెరు,
జూన్ 1970

అన్నయ్యకు, పొద్దటి నుంచి నిలబడి ఇప్పుడే కూర్చున్న తమ్ముడి నమస్కారాలు.

మీరు పట్నంలో సూపర్ బజారు చూసి వచ్చి, మన మూడు దుకాణాలను రకాలుగా విడదీసి రాసిన జాబు అందింది. సంగారెడ్డిలో మీది మొదటి రకం, ఇక్కడ నాది రెండో రకం. రెండింటికీ ‘కైలాసం బ్రదర్స్’ అని ఒకటే బోర్డు, ఒకటే ధర, ఎవరికి కావలసింది వాళ్ళే తీసుకోవాలి. ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో నడిపన్న పోయాక ప్రభావతి వదిన చూసుకుంటున్నది మాత్రం గుడిముందరి కొబ్బరికాయల కొట్టు, అది ఏ రకంలోకీ రాదు, మూసేయమని చెప్పు అన్నారు.

మీ దగ్గరికి రైతులు మక్కలు తెచ్చి నూనె కొనుక్కుపోతారు. నా దగ్గర ఫ్యాక్టరీ షిఫ్టు వదలగానే అందరూ ఒక్కసారే సబ్బు, చాపత్తా అంటారు. వాళ్ళనే తీసుకొమ్మంటే దుకాణం మిగలదు. మన రెండైనా ఒక తీరువి ఎలా అయ్యాయో నాకు తెలియలేదు. వాదించే ఓపిక లేదు.

మీ మాట చెప్పడానికే మంగళవారం వెళ్ళాను. బోర్డుల సంగతి అప్పటికే ఎవరి నోటో విని, వదిన గోడకు సున్నం వేయించి, మేకులు కొట్టించి పెట్టింది.

"బ్రదర్స్ అంటే మీ నడిపన్న గూడ ఉన్నట్టే గద మరిదీ. బోర్డు ఎన్నడొస్తది?" అని అడిగింది.

"రాసేటాయనకు జెరమొచ్చిందట వదినా" అని చెప్పి వచ్చాను.

రెండు బోర్డులే రాయించానన్నారు కదా. నాది ఇక్కడికి పంపకండి. వదినకు పంపండి. మేకులు కొట్టే ఉన్నాయి.

మీ తమ్ముడు