నువ్వు పడుకునే గది

అక్కా,

నీ సంవత్సరీకం దగ్గరికి వచ్చింది. చుట్టాలు వస్తారు కదా, పుత్తూరులోని మీ పాత మిద్దెను బాగు చేయించాలేమో చూడమని నిన్న మేస్త్రీని పిలిపించాను.

గోడలకు చెమ్మ పట్టిందని, కరెంటు వైర్ల పైతొడుగు ముట్టుకుంటే రాలిపోతోందని ఆయన గది గదికీ చెబుతూ వచ్చాడు. నీ గదిలోకి వచ్చాక నిచ్చెన ఎక్కి దూలంలో స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడిదాకా దిగిపోయింది. లోపలంతా చెదలే.

"అమ్మా, అందురూ బయటికి పోండి. దూలం డొల్లయిపోయుండాది, యా క్షణమైనా పడతాది," అన్నాడు.

బావ మాత్రం నీ మంచం మీంచి లేవలేదు.

"మీ అక్క పండుకునిన చోటు ఇది. నేను యాడికీ రాను. మీరు పోండి," అన్నాడు.

ఆయన భుజం మీద సున్నం రాలుతోంది. పైన దూలం కిర్రుమంది. "లెయ్ బావా, నీకు దండం పెడతా," అని చెయ్యి పట్టుకుని లాగాను. కదల్లేదు. చివరికి నేనూ మేస్త్రీ చెరో రెక్క పట్టుకుని వీధిలోకి ఈడ్చుకొచ్చాం. వాకిలి దాటామో లేదో, వెనక పెద్ద చప్పుడు. కప్పు మొత్తం మంచం మీద కూలింది. దుమ్ముకు ఒకరికొకరం కనబడలేదు.

ఆ దుమ్ములో బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మీ అక్క బయటికి వచ్చిందా?" అని అడిగాడు.

"వచ్చింది బావా," అన్నాను.

ఆ మాట విన్నాకే నాతో మా ఇంటికి నడిచాడు.

నీ చెల్లెలు