తొమ్మిదో అధ్యాయం గురించి పాఠకులు ఏమన్నారంటే

బార్న్స్‌లీ,
నవంబర్ 15, 1987

తమ్ముడు క్లిఫ్‌కి,

అక్క డోరీన్ ఆశీస్సులు. ఇక్కడ నేనూ, మీ బావ రే, పిల్లీ ముగ్గురం కులాసా. ప్రభుత్వం ఒక్కటి తప్పిస్తే తక్కినవన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఆ దక్షిణ ధ్రువం మంచులో నీ వేళ్ళూ ముక్కూ చెవులూ ఎక్కడివక్కడే ఉన్నాయని తలుస్తాను.

వసంతంలో వచ్చిన నీ ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు. నా మోకాలు అలాగే ఉంది. ఊరేగింపుల్లో నడవడం తగ్గించమన్నాడు డాక్టరు. ఊరేగింపులు చెయ్యాల్సిన పనులు తగ్గించమని మంత్రిగారికి చెప్పండి, నడక దానంతటదే తగ్గుతుంది అన్నాను. గని మూసేశాక మీ బావ బడి బస్సు నడుపుతున్నాడు. పిల్లలు వెనకాల బ్రేకుల తాత అంటారట, దానికి మురిసిపోతున్నాడు కూడాను. ఆయన క్యాబేజీలకి పోటీలో రెండో బహుమతి వచ్చింది. మొదటి బహుమతి కొట్టేసినవాడు మొక్కలకి బీరు పోశాడని మీ బావ ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు.

ఇక అసలు సంగతి. ఈ ఉత్తరం పట్టుకుని ఓడ నెలాఖరుకి బయల్దేరుతుంది. అదే ఓడలో తిరిగి ఇంటికి రావడమా, ఇంకో చలికాలం అక్కడే ట్రాక్టర్లు బాగుచేస్తూ ఉండిపోవడమా అన్నది నా జవాబు చూసి తేల్చుకుంటానని రాశావు. ‘నా నవల గురించి పాఠకులు ఏమంటున్నారో ఉన్నదున్నట్టు రాయి అక్కా. ముఖ్యంగా చివరి అధ్యాయం గురించి. వాళ్ళకి నచ్చకపోతే నేనక్కడికి వచ్చి చేసేదేముంది?’ అన్నావు. రెండేళ్ళు మాటల్లేకుండా గడిపి, మొదటి ఉత్తరంలోనే నన్ను న్యాయమూర్తిని చేసి కూచోబెట్టావు. చాలా తెలివైన పని.

ఇలాంటి పుస్తకాల మీద నా అభిప్రాయం నీకు తెలుసు, మా యూనియన్ పత్రికలో రాశాను కూడా. ‘ఏడో కక్ష్య’ అని టీవీలో ఒక సీరియల్. దాని పేరు మీద నవల. పాత్రలు కంపెనీవి, అంతరిక్ష నౌక కంపెనీది, కెప్టెన్‌గారి పక్క పాపిడి కూడా కంపెనీదే. రాసినవాడి పేరు మాత్రం అట్ట మీద చీమంత. అద్దె కొంపకి సొంత చేతులతో సున్నం వెయ్యడం కాకపోతే ఏమిటది? కూలివాడి కండలు సరిపోక కలలు కూడా కావలసి వచ్చాయి వీళ్ళకి! ఈ విషయంలో నా మాట ఇప్పటికీ మారలేదు.

కానీ నువ్వు అడిగావు కనక చేశాను. ఆ సీరియల్ అభిమానులు సొంతంగా అచ్చేసి, పిన్నులు కొట్టి పోస్టులో పంచుకునే పత్రిక ఒకటుంది. నీ నవల వచ్చిన దగ్గర్నుంచీ దాన్నిండా పాఠకుల ఉత్తరాలే. అన్నీ చదివాను. నైజెల్ అని పన్నుల ఆఫీసు ఆయన ఒక పేజీ అంతా ఇంజన్ గురించే రాశాడు. సీరియల్లో ఇంజన్ వేడెక్కడానికి అంతసేపు పడుతుంటే నీ నవలలో తాళంచెవి తిప్పగానే నౌక ఎలా కదిలిందని ఆయన ఆవేదన. హల్ ఊరి నుంచి రాసిన ఒకావిడకి, ఇంత లావు పుస్తకంలో కెప్టెన్ అందం గురించి ఒక్క వాక్యం లేకపోవడం మనసుకి కష్టంగా ఉందట. ఎవడో కుర్రాడు ‘అంతరిక్షంలో కూడా యూనియన్ మీటింగులా, రామరామ’ అన్న ధోరణిలో రాశాడు. వాడికి నాలుగు పేజీల జవాబు పంపాను. మీ బావ ఇంట్లో స్టాంపులు దాచేశాడు.

తక్కిన గొడవంతా డోరా మీద. గాలి చాలడం లేదని అంతరిక్ష రేవులో పని ఆపించి, కెప్టెన్ మొహం మీదే తిట్టే ఆ వెల్డర్ మనిషికి నా పేరే కాస్త కుదించి పెడితే నేను గుర్తుపట్టననుకున్నావా? తమవాళ్ళ పేర్లు చిన్న పాత్రలకి పెట్టుకోవడం ఈ రచయితల్లో ఆనవాయితీ అని తర్వాత తెలిసింది. ‘ఇంత మొండి మనిషి లోకంలో ఉండదు, పాత్ర నమ్మశక్యంగా లేదు’ అని ఒకాయన తీర్పు. అది చదివి వినిపిస్తే మీ బావకి టీ ముక్కులోంచి వచ్చింది.

మెచ్చుకున్నవాళ్ళూ తిట్టినవాళ్ళూ అందరూ ఒక మాట మాత్రం అన్నారు. ‘తొమ్మిదో అధ్యాయం కోసమైనా చదవాలి.’ నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే తొమ్మిదో అధ్యాయంలో ఏముందో నాకు తెలీదు. మొదటి మూడూ, చివరిదీ చదివి పుస్తకం మూసేశాను. ఆ చివరి పేజీ తర్వాత ఇంకేం చదవను? డోరా తమ్ముడు సమ్మెని కాదని కెప్టెన్ పడవలు బాగుచేస్తాడు. అక్కాతమ్ముళ్ళకి మాటలుండవు. ఆఖరికి ఏదో కిరణం సోకి అందరూ అన్నీ మరిచిపోతారు. ఆ ఇద్దరూ నడవలో ఎదురై ఒకరినొకరు ఎరగనట్టు దాటిపోతారు. సమాప్తం. గని కార్మికుల సమ్మె జరిగిన ఆ ఏడాది రే గని గేటు దగ్గర పికెటింగ్‌లో నిలబడితే, అవతల నువ్వు సమ్మెని కాదని నడిచే బొగ్గు లారీలు బాగుచేశావు. దానికి ఇన్నాళ్ళకి నువ్విచ్చిన జవాబు ఇదన్నమాట అనుకున్నాను. మరిచిపోయాను, నువ్వెవరో తెలీదు పో అని చెప్పడానికి పుస్తకం దాకా వెళ్ళావనుకున్నాను.

పోయిన శనివారం షెఫీల్డ్‌లో ఒక పబ్ మేడ మీద ఆ అభిమానుల మీటింగని తెలిసి వెళ్ళాను. పొగడ్డానికి కాదు, పోట్లాడ్డానికే. చిప్స్, వెనిగర్ వాసన, పాతిక మంది. అధ్యక్షురాలు హిల్డా, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, చేతిలో స్వెటర్ అల్లకం. నేను లేచి, యజమానుల కోసం మనుషుల జ్ఞాపకాలు తుడిచిపెట్టే పుస్తకాన్ని మీరెలా మెచ్చుకుంటారు అని మొదలెట్టి, గుక్క తిప్పుకోకుండా దులిపేశాను. అందరూ బుద్ధిగా విన్నారు.

“అయిందామ్మా?” అంది హిల్డా, సూదులు ఆపకుండానే. “మరి తొమ్మిదో అధ్యాయం ఏం చేశావు?”

“చదవలేదు.”

హిల్డా సూదులు ఆపింది.

“చదవకుండానే కుస్తీకి వచ్చావా తల్లీ!” అంది. “ధైర్యం గల మనిషివే.”

నైజెల్ పాపం లేచి, తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు. “చివరి అధ్యాయాన్ని మేమెవరమూ లెక్కలోకి తీసుకోం మేడమ్. సీరియల్ మళ్ళీ వారం కూడా నడవాలి కదండీ! ఎవరూ చావకూడదు, ఎవరూ మారకూడదు, ఎవరి మధ్యా ఏదీ తేలకూడదు. ఎక్కడి సామాను అక్కడ సర్ది తాళం కంపెనీ చేతికివ్వాలి. ఎవరు రాసినా అదే షరతు. చిన్నపిల్లలకి కూడా తెలుసు.”

“రాసినవాడి సొంతం అంటూ ఉంటే అది మధ్యలో ఉంటుంది,” అంది హిల్డా. “అయినా ఈ చివరిది ఆ చెయ్యి రాసింది కాదు. ఆఫీసులో ఎవరో రాసి అతికించారు. పుస్తకమంతా బూతులాడిన మనిషి ఉన్నట్టుండి ‘క్షమించండి కెప్టెన్, పొరపాటయింది’ అంటుందా?”

ఆ వాక్యం నేను చదివాను క్లిఫ్. చదివి కూడా పట్టుకోలేదు! “అది మా తమ్ముడు రాయలేదు!” అని అరిచేశాను. “పుట్టి బుద్ధెరిగాక నేను ఎవరికీ పొరపాటయిందని చెప్పలేదు, వాడికి తెలుసు!”

గదంతా గొల్లున నవ్వింది. “అయ్యో, మీరేనా డోరా!” అని నైజెల్ వచ్చి చెయ్యి పట్టుకుని వదల్లేదు. మొండి పాత్ర నమ్మశక్యంగా లేదని రాసినాయన కూడా అక్కడే ఉన్నాడు. “నా అభిప్రాయం వెనక్కి తీసుకుంటున్నాను,” అన్నాడు.

అప్పుడు హిల్డా అల్లకం పక్కన పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, తొమ్మిదో అధ్యాయం పైకి చదివింది. గాలి అయిపోతున్న చిన్న గదిలో అక్కాతమ్ముళ్ళు ఇరుక్కుంటారు. ఇద్దరికీ ఒకటే ఆక్సిజన్ మాస్కు. తను పీల్చి అతనికిస్తుంది, అతను పీల్చి తనకిస్తాడు. ఆ మధ్యలో తమ్ముడంటాడు: ‘సమ్మె తప్పని నేనెప్పుడూ అనలేదక్కా. నాకు భయమేసింది, అంతే. నీకెప్పుడూ భయం వెయ్యదు. భయం వెయ్యనివాళ్ళకి ఆ మాట ఎలా చెప్పను?’

ఆవిడ చదవడం ఆపాక ఎవరో నా ముందు బ్రాందీ గ్లాసు పెట్టారు. తాగాను.

నువ్వడిగింది పాఠకుల మాట కనక అది స్పష్టంగా రాస్తున్నాను. ఇంకో పుస్తకం కావాలా అని హిల్డా అడిగితే అందరూ చేతులెత్తారు. నైజెల్ కూడా ఎత్తాడు, ఇంజన్ విషయం సరిచేస్తావన్న షరతు మీద. చివరి అధ్యాయం గురించి వాళ్ళందరిదీ ఒకటే మాట, అది నీది కాదు. గుండె మీంచి బండ దించినట్టయింది.

ఇంకొకటి చెప్పాలి. రెండు రోజుల్నుంచి ఈ కాగితం దగ్గరికి వచ్చి లేచి వెళ్ళిపోతున్నాను. ఆ మీటింగుకి వెళ్ళేటప్పుడు నీ పేర రాసిన కవరు నా సంచీలో ఉంది. అంటించి, స్టాంపు కూడా వేసి ఉంది. మీటింగవగానే బస్టాండులో పోస్టు చేద్దామనుకున్నాను. అందులో పాఠకుల మాట ఒక్కటీ లేదు. ‘నీ నవల ఎవరికీ నచ్చలేదు. అక్కడే ఉండు’ అని రాశాను. అబద్ధాలు రాసే పత్రికల్ని జీవితమంతా తిట్టిన నేను, మంచులో ఒంటరిగా ఉన్న తమ్ముడికి పచ్చి అబద్ధం రాశాను. దాన్ని అక్కడే చింపి చెత్తబుట్టలో వేశాను. ముక్కలు కూడా కనపడకుండా అరటితొక్క కిందికి తోశాను.

ఇంటికొచ్చి రేకి అంతా చెప్పాను. “సమ్మె చేసింది నేను, ఏడాది పస్తున్నది నేను. వాడి మీద కోపం నాకే ఎప్పుడో పోయింది. నువ్వింకా ఎక్కడ దాస్తున్నావే?” అన్నాడు. క్యాబేజీ కోస్తున్నాడు, తలెత్తి చూడను కూడా లేదు.

నాకు భయం వెయ్యదని రాశావు కదా. నైజెల్ కూడా పట్టుకోలేకపోయిన తప్పు అదొక్కటే. గుర్రపు పోలీసులు మీద పడి రే తల పగిలిందని కబురొచ్చిన రోజు, నువ్వు మా ముందు గదిలో కూచుని ఉన్నావు. నేను వంటింట్లోకి వెళ్ళి, కుళాయి పూర్తిగా విప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. మొహం కడుక్కుని వచ్చి నీతో టీ తాగుతావా అన్నాను. అమ్మ పోయిన దగ్గర్నుంచీ నీ ఎదుట బెదరకూడదనుకున్నాను, నువ్వు బెదురుతావని. నువ్వేమో నాకు చెప్పుకోలేక ఆ లారీల కింద దూరావు.

లారీలు బాగుచెయ్యడం తప్పే. ఇప్పటికీ తప్పే అంటాను, చచ్చేదాకా అంటాను. కానీ ఆ మాట అనడానికి నువ్విక్కడ ఉండాలి. మేడ మీద గది ఖాళీ చేశాం. ఈ ఓడలోనే వచ్చెయ్. ఈసారి నీకు భయమేస్తే చెప్పు, నాకేసినప్పుడు నేనూ చెబుతాను.

ఇట్లు,
నీ దారి చూస్తున్న
అక్క డోరీన్