తెర లేక చచ్చిన ఎబినేజర్

సూపరింటెండెంట్ మమతారాణి మేడం గారికి, నాటక సమాజం పెద్ద ఏలియా వందనాలు.

మన నగరంల పెండ్లిళ్లకు నలభై ఫంక్షన్ హాళ్లున్నయి, నాటకానికి ఒక్కటి లేదు. మొన్న హాలు కిరాయికి తీసుకొని ఆడుతుంటే, రెండో అంకంల పెండ్లోళ్లు బరాత్‌తోని లోపలికొచ్చిండ్రు. మా రాజు కిరీటం తీసి, కుర్చీలు జరిపి తొవ్వ ఇచ్చిండు. ఇరవై ఏండ్ల సంది గిదే బతుకు. నగరం ఖర్చుతోని ఒక్క నాటకశాల కట్టియ్యుండ్రి. లేకుంటే ఈ ఏడాదితోని సమాజం బంద్.

ఇట్లు, ఏలియా

తా.క.: పెండ్లి భోజనం మంచిగుండె. రాజు రెండుసార్లు తిన్నడు.

*

శ్రీ ఏలియా గారికి తెలియజేయునది.

నాటకం వలన ప్రజలకు కలుగు ప్రయోజనం ఋజువు కాలేదు. సోమవారం ఫిర్యాదుల దినమున హాజరై ఋజువు చూపగలరు.

మమతారాణి, సూపరింటెండెంట్, నగర కార్యాలయం

గమనిక: క్యూలో నిలబడి టోకెన్ తీసుకోవలెను. రాజులకు మినహాయింపు లేదు.

*

మేడం గారికి ఏలియా మళ్లా దండాలు.

సోమవారం మీ హాల్ల అర్ధగంట నాటకం ఆడినం. టోకెన్ ఫారంల దొర హనుమండ్లు, రైతు ఎబినేజర్, పెండ్లాం స్తుతి అని మా నటుల పేర్లన్నీ రాసిచ్చినం. దొర భూమి గుంజుకుంటే రైతు గుండె పగిలి చస్తడు, పెండ్లాం ఏడుస్తది. మీరు సుత కండ్లు తుడుచుకున్నరు, నేను చూసిన. మరి నాటకశాల ముచ్చట ఏమాయె?

మీ ఏలియా

తా.క.: చప్పట్లు కొట్టిన అటెండర్‌కు మెమో ఇచ్చిండ్రట. పాపం, మీ ఆఫీసుల టైముకు పని చేసింది ఆయనొక్కడే.

*

శ్రీ ఏలియా గారికి,

మీ ఫిర్యాదుపై తక్షణ చర్య తీసుకోబడినది. భూమి ఆక్రమించిన హనుమండ్లుకు నోటీసు ఇచ్చినాము. మృతుడు ఎబినేజర్ పేరు రేషన్ కార్డు నుండి తొలగించి, భార్య స్తుతికి వితంతు పింఛను మంజూరు చేయించినాము.

మమతారాణి

గమనిక: అంత్యక్రియల సాయమునకు వేరే ఫారం కలదు.

*

అయ్యో మేడం!

దొర వేషం వేసిన హనుమండ్లు బస్టాండు కాడ మిర్చి బజ్జీలు వేస్తడు. పూలకుండీ పెట్టుకునే జాగ సుత లేదు ఆయనకు. సర్వేయర్ వచ్చి బండి చుట్టూ కొలుస్తుండు. ఎబినేజర్ చచ్చింది నాటకంలనే! రేషన్ షాపుకు పోతే "నువ్వు పోయినవు కదనే" అని ఖాళీ సంచితోని తోలిండ్రు. స్తుతి ఏడుస్తుంది, ఈసారి నిజంగనే. స్టేజీ, తెర, లైట్లు ఉంటే ఏది నాటకమో ఏది నిజమో మీకు తెలుస్తుండె. అందుకే నగరానికి నాటకశాల కావాలె అనేది!

పరేషాన్‌ల ఉన్న ఏలియా

తా.క.: ఇంటి ముందట మురికి నీళ్లు పోయే మోరి కోసం మూడేండ్ల సంది మీ క్యూల నిలవడ్డ లస్మవ్వ మా ఇంటికొచ్చింది. "నా మోరి సుత ఆడుండ్రి బిడ్డా" అన్నది. సోమవారం ఆడుతున్నం.

*

శ్రీ ఏలియా గారికి,

ఎబినేజర్ మరణించి పడి ఉండుట పదిహేను మంది సిబ్బంది కళ్లారా చూసినారు. ఇప్పుడు బతికి వచ్చుట నటన కాదనుటకు ఆధారం జతపరచగలరు.

మమతారాణి

గమనిక: లస్మవ్వ మోరి నాలుగు దినములలో పూర్తి అయినది. కమిషనర్ గారు వెక్కి వెక్కి ఏడ్చినారు.

*

మమతారాణి మేడంకు,

పొద్దున లేస్తే మా వాకిట్ల నలభై మంది ఉంటున్నరు. హుస్నాబాద్ నుంచి సుత జీపు కట్టుకొని వచ్చిండ్రు. అందరివీ నిజమైన బాధలే. నాకు కోపమొస్తుంది మేడం. మనిషి ఏడిస్తే మీకు వినవడది, మనిషి వేషం ఏడిస్తే వినవడ్తది. ఇగ మేము సోమవారం రాము. సమాజం మూస్తున్నం.

ఏలియా

తా.క.: చచ్చిన ఎబినేజర్‌కు కరెంటు బిల్లు మాత్రం పేరు మీదనే వచ్చింది.

*

శ్రీ ఏలియా గారికి,

తమరు తొందరపడవద్దు. స్టేజీ, తెర, లైట్లు, వేషాల గదితో మూడు వందల సీట్ల అర్జీల భవనం నగర నిధులతో మంజూరైనది. అందులో అర్జీలు ఎంతసేపైనా, ఏ వేషంలోనైనా సమర్పించవచ్చును. నాటకములు ఆడుట నిషేధము. ఎబినేజర్ గారు "బతికి వచ్చిన మనిషి"గా ప్రదర్శన ఇచ్చినచో రేషన్ కార్డు తిరిగి ఇప్పించబడును.

మమతారాణి, సూపరింటెండెంట్

గమనిక: ఏలియన్నా, ఇది ఆఫీసు ముచ్చట కాదు. మా ఆయన ఉట్నూర్‌ల టీచర్, నేను పిల్లలతోని ఇక్కడ. నా బదిలీ అర్జీ ఆరేండ్ల సంది నా ఎదురు టేబుల్ మీదనే ఉన్నది. నేను అడిగితే ఎవ్వలు వింటలేరు. మొదటి సోమవారం నాకియ్యి. నా వేషం స్తుతిని కట్టమను, జర గట్టిగ ఏడ్వమను.