సమాధుల తోటకు ఎంత దూరం

మార్చి 9, సోమవారం. కడప

డ్రాఫ్టు విజయవాడ నుంచి మళ్ళీ తిరిగొచ్చింది. చెత్త నుంచి పుట్టే మీథేన్‌ను తగ్గించే విధానం, రాష్ట్రానికంతా. రాసే బాధ్యత నాది. తడిచెత్తను పూడ్చకూడదు, వేరు చేసి గ్యాస్ ప్లాంటుకు పంపాలి, పాత కుప్పల్లోకి గొట్టాలు దించి గ్యాస్ లాగాలి... పెద్దసారు అన్నీ ఒప్పుకున్నారు. ఒక్క గడి ఖాళీ. కొత్త ప్లాంటు సమాధుల తోటకు ఎంత దూరంలో ఉండాలి?

"అది మీరే తేల్చండమ్మా."

ఇళ్ళకు, బడులకు, చెరువులకు ఎంత దూరమో నిమిషంలో వేశాను. ఇది రేపు చూద్దాం.

అత్త సంగటి చేసింది. తిన్నాను. రుచి ఉండే ఉంటుంది.

మార్చి 11

ఊరి బయట డంపింగ్ యార్డు మళ్ళీ అంటుకుంది. కింద కుళ్ళిన చెత్తలో గ్యాస్, పైన ఈ ఎండ. నేను వెళ్ళేసరికి మా ఆఫీసు ఇంజనీరు మస్తాన్‌వలీ అక్కడే ఉన్నాడు. అతని ఇల్లు యార్డుకు ఎదురువీధి. రంజాన్ రోజా ఉన్నాడు, నీళ్ళు కూడా తాగడు. ముఖమంతా మసి.

"తెల్లార్లూ పొగనే మేడమ్. పాపకు ఆయాసం శానా ఎక్కువైంది. వాళ్ళమ్మ ఎత్తుకోనే కూచోనుండాది."

 తల ఊపాను.

కళ్ళ వెంట నీళ్ళు కారాయి. పొగకు. పోయిన వానాకాలం మా ఆయన్ను మట్టిలో పెట్టిన రోజు ఒక్క చుక్క రాలేదు నాకు. బంధువులు గమనించారు, చెవులు కొరుక్కున్నారు కూడా. ఇప్పుడు చెత్త దగ్గర నిలబడి ముక్కు చీదుకుంటున్నాను. చూసుంటే ఆయనే నవ్వేవాడు.

మార్చి 14

కడప చెత్త ప్లాంటుకు స్థలం దొరికింది. కమలాపురం దగ్గర. ప్రభుత్వ భూమి, రోడ్డు ఉంది, కరెంటు ఉంది, ఇళ్ళు దూరం. ఇంతకంటే మంచిది ఈ జిల్లాలో దొరకదు.

మస్తాన్ టేబుల్ మీద మ్యాపు పరిచాడు. పడమటి హద్దు మీద వేలు పెట్టి ఆగిపోయాడు. అక్కడ మా సమాధుల తోట. ఆయన ఉన్న చోటు. మట్టి వేసేటప్పుడు మస్తాన్ నా పక్కనే ఉన్నాడు.

మ్యాపు మడిచేశాడు. "ఇంగొగటి వెతుకుదాం మేడమ్."

వెతకడానికి ఇంకొకటి లేదు. అతనికీ తెలుసు.

మార్చి 17. కర్నూలు

మీటింగు. మీథేన్‌కు రంగు లేదు, వాసన లేదు, కానీ భూమిని వేడెక్కించడంలో దాని దెబ్బ పెద్దది... ఇదంతా చెప్పాను. నా గొంతు నాకే మైకులో ఎవరిదో అనిపించింది. వెనక వరుసలో ఎవరో, "వాసన లేనిదానికి ఇంత రచ్చ ఏంటికప్పా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఒక క్షణం ఆలస్యంగా.

మార్చి 20

పెద్దసారు ఫోను. "దూరం ఎక్కువ పెడితే మీ కమలాపురం స్థలమే పోతుంది... స్థలం చూపించకపోతే ఈ ఏడాదికి కడప ప్లాంటు లేనట్టే... ఏప్రిల్ ఆరో తేదీ సాయంత్రం, అంతే."

సరే అన్నాను. ఏది సరే?

మార్చి 22, ఆదివారం

కమలాపురంలో మా చర్చికి వెళ్ళాం, అత్తా నేనూ. ఆరాధన అయ్యాక పాస్టరయ్యగారు చెట్టు కింద ఆపారు. కబురు అందరికీ చేరింది.

"రాసేది మన పిల్లవు, నువ్వే గదా సునీతమ్మా. ఇంగ మాకేం భయం? ఆ దూరమేదో కొంచెం ఎక్కువ రాసెయ్."

ఎవరికీ కోపం లేదు. ఒకామె నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. తిట్టినా బాగుండేది.

మార్చి 24

ఏమీ లేదు.

మార్చి 28

మస్తాన్ కూతురు మళ్ళీ ఆసుపత్రిలో. పొద్దున సెలవు పెట్టాడు, మధ్యాహ్నానికి ఆఫీసుకొచ్చేశాడు. పాప ఎలా ఉందంటే, "ఆక్సిజన్ పెట్టినారు మేడమ్" అని మాత్రం అన్నాడు. తర్వాత ఫైలు గురించి మాట్లాడాడు. ప్లాంటు మాట ఎత్తలేదు. ఒక్కసారి అడిగితే, గట్టిగా అడిగితే, తక్కువ దూరం వేసేస్తానేమో.

అడగడు.

ఏప్రిల్ 4, శనివారం

రేపు ఈస్టర్. సమాధులకు సున్నం కొట్టే రోజు. తోటంతా బక్కెట్లు, చీపుర్లు, మాటలు. సున్నంలో అత్తే నీలిమందు కలిపింది, నన్ను ముట్టనివ్వలేదు. నేను గడ్డి పీకాను, తర్వాత బ్రష్షు తీసుకున్నాను. ఆయన పేరు చుట్టూ జాగ్రత్తగా పూశాను. ఏదైనా అనిపిస్తుందేమోనని చూశాను. సున్నం వాసన, అంతే.

"యాడ పెడతారంట అది?"

చూపించాను. కంచెకు అవతల ఖాళీ నేల. అత్త కంచె దాకా వెళ్ళి చూసొచ్చింది.

"ఇంత దగ్గరనా! వాసన వస్తాదా?"

"సరిగ్గా నడిపితే రాదత్తా."

"సరిగ్గా నడిపితే అంటాండావు. మన కాడ ఏది సరిగ్గా నడిచిందే?"

 పాలసీ మొత్తంలో ఆ ప్రశ్నకు జవాబు లేదు.

కాసేపటికి మళ్ళీ అడిగింది. "మస్తాను బిడ్డకు ఎట్లుండాది?"

"ఇంటికి పంపినారంట. పొగ మళ్ళా వస్తే ఏమవుతుందో..."

 అత్త బ్రష్షు సున్నంలో ముంచి, ఆయన సమాధికి కుడిపక్క మట్టిమీద ఒక గీత గీసింది. మోకాళ్ళు పట్టుకుని లేచి, చుట్టూ తిరిగి ఎడమపక్క కూడా గీసింది.

"ఈ పక్క నాది. ఆ పక్క నీది. రాసేటప్పుడు మతిలో పెట్టుకో. ఇంగ నన్నేం అడగొద్దు."

బక్కెట్టు కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. నేను నా గీత లోపల నిలబడి ఉన్నానని అప్పుడు చూసుకున్నాను.

ఏప్రిల్ 5. ఈస్టర్

తెల్లవారుజామున కొవ్వొత్తులు, పాటలు. గాలి తూర్పు నుంచి వస్తోంది, ఆ ఖాళీ నేల మీదుగా మా వైపుకు. పాడుతూనే గమనించాను.

ఏప్రిల్ 6, సోమవారం

ఫైలు తెరిచే ఉంది. పొద్దున ఒక పెద్ద అంకె వేశాను. తోట బతికింది. తుడిపేశాను. మధ్యాహ్నం ఇంకొకటి, చిన్నది, వేశాను. ఆ పాప గుర్తొచ్చి కాదు, టైమైపోతోందని. అదీ తుడిపేశాను.

మస్తాన్ టీ తెచ్చి పెట్టాడు. పాప కులాసానే అట. "ఈ పొద్దు గాలి మా వీధి తట్టు లేదు మేడమ్" అన్నాడు. స్క్రీను వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

గ్లాసు పట్టుకుంటే వేళ్ళు భగ్గుమన్నాయి. శనివారం సున్నం తిన్న చోట్ల చర్మం పగిలింది. రెండు రోజులుగా తెలియలేదు. ఇప్పుడు మంట, గట్టిగా. కళ్ళలో నీళ్ళు. ఇక్కడ పొగ లేదు.

ఫోను మోగుతోంది. విజయవాడే.