ఆ కొండ మీద ఒక రౌండు

రేయ్ కిరణ్,

నువ్వు ట్రెక్‌కి వెళ్లి తిరిగిరాని రోజు మళ్లీ వచ్చింది. ఎప్పట్లాగే పులిహోర చేసుకుని ఎయిర్ బేస్‌కి డ్రైవ్ చేశాను. మనం రూమ్మేట్స్‌గా ఉన్నప్పుడు నువ్వు చేసినట్టే, ఇంగువ కాస్త ఎక్కువేసి. నిన్ను పదకొండు రోజులు వెతికిన మిలటరీ హెలికాప్టర్ వాళ్లకి ఏటా ఈ రోజు నాదే భోజనం.

ఈసారి అప్పట్లో నిన్ను వెతికిన పైలట్ జేక్ లేడు. రెస్క్యూ పనంతా ప్రైవేట్ కంపెనీకి ఇచ్చేశారట. కొత్త మేనేజర్ మంచివాడే. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు, పులిహోర రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

నీకో సంగతి చెప్పాలి. వెతకడం ఆపేశామని అధికారులు మీవాళ్లకి కాగితం ఇచ్చాక కూడా జేక్ ఆపలేదు. ట్రైనింగ్‌కి ఎగిరిన ప్రతిసారీ నువ్వు తప్పిపోయిన కొండ మీద ఒక రౌండు వేసేవాడు. "ఎలాగూ ప్రాక్టీస్ చేయాలి, అక్కడే చేస్తే పోయేదేముంది" అనేవాడు.

మీరూ ఆ కొండ మీదికి వెళ్తారా అని మేనేజర్‌ని అడిగాను. అతను ప్లేట్ కింద పెట్టేశాడు.

"కాల్ వస్తేనే మేం ఎగరాలి. కాంట్రాక్ట్ అలా ఉంది. ట్రైనింగ్ కూడా ఇప్పుడు నేలమీదే, సిమ్యులేటర్‌లో. కానీ ఎవరైనా పిలిస్తే మాత్రం క్షణం ఆలస్యం చేయం" అన్నాడు. నంబరున్న కార్డు కూడా ఇచ్చాడు.

పార్కింగ్‌లో కార్ స్టార్ట్ చేయకుండా ఆ కార్డే చూస్తూ కూర్చున్నాను.

ఆరేళ్లపాటు నువ్వు పిలవకపోయినా ఒకడు నీకోసం వచ్చేవాడురా. ఇకమీదట నువ్వే పిలవాలి.