తుమ్మచెక్క నీళ్ళూ, సుగుణ గిటారు తీగలూ

అక్కయ్యా, మన సుగుణ ఉద్యోగం ఖాయమైంది! ఇక టెంపరరీ కాదు, పర్మనెంటు. నిన్న సాయంత్రం సెక్రటరీ అయ్యగారు అందరి ముందూ స్వయంగా చెప్పారు.

పైన ఊరి పేరు, తారీఖు వేయకుండానే ఇది రాసేశాను. చెయ్యి ఆగలేదు. ఇప్పుడు పద్ధతిగా మొదలుపెడతాను.

ప్రియమైన అక్కయ్య మరియమ్మకు నీ తమ్ముడు దావీదు అనేక వందనాలు. దేవుని దయవల్ల నేనూ, నీ మేనకోడలూ ఇక్కడ బాగున్నాం. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బావగారి దగ్గు తగ్గిందా? ఎర్రావు ఈనిందా, పెయ్యా, కోడెదూడా? ఉత్తరం రాసిపెట్టే వాడిని బతిమాలైనా సరే దాని సంగతి తప్పకుండా రాయించు. ఇక్కడ నాతో ఆవుల గురించి మాట్లాడే మనిషి లేడు. అందరివీ పడవల కబుర్లే. గాలి ఎటు తిరిగింది, ఏ చేప పడింది, ఎవరి వల చినిగింది, ఇవే. నేను తల ఊపుతూ కూర్చుంటాను.

వాకాడు దగ్గర ఈ సముద్రపు ఊరికి వచ్చి ఏడాది దాటినా నాకు ఈ గాలి ఇంకా అలవాటు కాలేదు. ఉతికి ఆరేసిన పంచె ఎండినట్టే ఉంటుంది, కట్టుకుంటే తేమ. నాలుకతో పెదవి తడిపితే ఉప్పు. తలుపు గొళ్ళెం తుప్పు, నా కళ్ళజోడు కమ్మి తుప్పు. అన్నం, చేపల పులుసు బాగానే ఉంటాయి, కాదనను. కానీ సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి పప్పు పోసుకుని తిన్న నోటికి ఎన్నాళ్ళు తిన్నా ఏదో వెలితి. మా గురించి బెంగపెట్టుకోవద్దు. బాగున్నాం. నిజంగా బాగున్నాం.

అయితే ఈ నెలరోజులు నేను పడిన విసుగు మాత్రం ఎవరికీ వద్దక్కయ్యా. అంతా ఆ గిటారు తీగల వల్ల.

నువ్వు దాన్ని చూడలేదు కదా. వీణంత ఉండదు. నడుము సన్నగా, పొట్ట మధ్యలో గుండ్రటి రంధ్రంతో ఉంటుంది. ఒళ్ళో పెట్టుకుని వాయిస్తారు. సుగుణ ట్రైనింగు చదివేటప్పుడు అక్కడి దొరసాని తన దేశం వెళ్ళిపోతూ ఇచ్చింది. దానికి ఆరు తీగలు. ఒక్కటీ ఇనుము కాదు. మూడు సన్నవి ఉత్త నైలాను, ఇప్పుడిప్పుడే వలలకు వాడుతున్నారే, అలాంటిది. మూడు లావువి లోపల పట్టుపోగుల్లాంటి దారం, దాని మీద వెంట్రుకంత సన్నని వెండి రంగు తీగ చుట్టి ఉంటుంది. ఈ ఉప్పుగాలికి ఆ లావు తీగలు నల్లబడ్డాయి. ఒకటి తెగింది. మిగతావి మోగడం మానేశాయి.

సరిగ్గా అప్పుడే పాఠశాల కమిటీ వారు, పిల్లలకు పాటలు నేర్పే పంతులమ్మను ఖాయం చేస్తామన్నారు. గూడూరు నుంచి హార్మోనియం వాయించే ఒకతను కూడా అడుగుతున్నాడు. సుగుణ కమిటీ ముందు పిల్లలచేత పాడించి, తాను వాయించి చూపించాలి. కుదరకపోతే వేసవి సెలవులతో సుగుణ పని అయిపోయినట్టే. ఏడాదంతా కష్టపడిన బిడ్డ పెట్టె సర్దుకుని మన ఊరికి తిరిగి రావలసిందే. అందుకని తీగలు తెచ్చే పని నేను నెత్తిన వేసుకున్నాను.

మొదట గూడూరు పోయాను. హార్మోనియంలు బాగుచేసే అంగడిలో అడిగితే, ఆయన నిమిషంలో ఇనప తీగల చుట్ట తీసి ఇచ్చాడు. నైలాను కావాలంటే నవ్వాడు. గట్టి సరుకు ఇస్తుంటే మెత్తది అడుగుతావేమని నన్నే తప్పు పట్టాడు. నాకూ నిజమే అనిపించింది. ఇంటికి తెచ్చి చూపిస్తే సుగుణ రెండు చేతులూ గిటారు మీద అడ్డం పెట్టింది.

“వద్దు నాయనా. ఇనప తీగలు బిగిస్తే తీగలు కట్టే ఈ అడుగు చెక్కపట్టీ ఊడి చేతికొస్తాది. దీని ఒళ్ళు నైలానుకు తగ్గట్టు చేసినారు.”

మళ్ళీ గూడూరు. చుట్ట విప్పినారు గదా, వాపసు తీసుకోనన్నాడు అంగడాయన. చెడ్డ కోపం వచ్చింది. దాన్ని చివరికి తడికె కట్టడానికి వాడాను.

ఇక మద్రాసు. రైల్లో నిలబడి పోయాను. అంగడివాడు అరవంలో అడగడం, నేను తెలుగులో చెప్పడం. నైలాను తీగలు దొరికాయి, కానీ వాటిలోనూ రకాలట. ఎక్కువ బిగువు లాగేవి, మామూలువి. ఏది కావాలన్నాడు. అక్కయ్యా, ఎద్దుకు పలుపు కొనేటప్పుడు ఎవరైనా ఏది అడుగుతారు? నేనూ గట్టిదే అడిగాను. తెచ్చి ఇస్తే సుగుణ బాధపడింది గానీ పైకి అనలేదు. పాత గిటారు, ఈ తేమకు పొట్ట కొంచెం ఉబ్బి ఉంది, గట్టి బిగువు తట్టుకుంటుందో లేదోనని భయపడుతూనే బిగించింది. శ్రుతి కొంచెం తగ్గించి పెట్టింది.

ఆ తీగలు నిలవలేదు. పొద్దున బిగిస్తే మధ్యాహ్నానికి జారేవి. బిడ్డ బడికి పోయినాక నేను దాని ముందు కూర్చుని ఒక్కొక్క తీగ మీటి చూసేవాణ్ణి. నాకు పాట రాకపోయినా జారిందని తెలిసిపోయేది. మద్రాసు వాడు నన్ను మోసం చేశాడని తిట్టుకుంటున్నాను. అప్పుడు పక్కింటి పోలమ్మ వచ్చింది. వలలు అల్లే ఇల్లు వాళ్ళది. మంచి మనిషి, మేము వచ్చిన రోజు కుండతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది ఈమే. ఒక తీగను గోటితో గీరి చూసి తేల్చి చెప్పేసింది.

“పచ్చి నూలు పెద్దాయనా ఇది. తుమ్మచెక్క తాపకుండా వాడితే ఏ వలైనా సాగిపోతాది. మా ఇంట్లో కాగు పొయ్యి మీదే ఉండాది, తే.”

ఇక్కడి పద్ధతి అది. కొత్త వల నీళ్ళకు దించేముందు తుమ్మచెక్క ఉడికించిన ఎర్రటి నీళ్ళలో ముంచి, ఎండబెడతారు. అప్పుడే నూలు గట్టిపడుతుందట, కుళ్ళదట. నైలాను వచ్చినా వీళ్ళు ఆ పని మానలేదు. ఆ మాట నాకు ఎంతో న్యాయంగా తోచింది. ఆరు తీగలూ విప్పి ఇచ్చాను. ఇద్దరం కాగులో ముంచాం, వల ఆరేసే తాడు మీద వేలాడదీశాం. పోలమ్మ వాటికి వల అంచుకు బరువుకు కట్టే గుళ్ళు కూడా కట్టింది, నిటారుగా ఆరతాయని. ఎంత సంతోషంగా కూర్చున్నానో. బిడ్డ వచ్చేసరికి అంతా సిద్ధం చేసి పెట్టానని.

సుగుణ వచ్చి తాడు వంక చూసి, అరుగు మీద కూలబడింది. కేకలు వేసి ఉంటే బాగుండేది.

“నాయనా, ఇవి వలకు కాదు కదా” అని మాత్రం అంది.

సన్న తీగలు మూడూ టీ నీళ్ళ రంగుకు తిరిగాయి, అంతకు మించి ఏమీ కాలేదు. లావువి మాత్రం పాడైపోయాయి. లోపలి పోగులు నీళ్ళు తాగేశాయి, పైన చుట్టిన తీగ నల్లగా మారిపోయింది. బిగించి మీటితే చెక్కమీద తట్టిన చప్పుడు. పోలమ్మ పాపం చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

మళ్ళీ మద్రాసు. ఈసారి సుగుణ బాగా చెప్పి పంపింది, లావువి మూడు చాలు, తక్కువ బిగువువి తెమ్మని. పాత అంగడిలో కట్ట విప్పి సగం ఇవ్వడం కుదరదన్నారు. ఇంకోచోట అసలు సీమ సరుకు రావడం లేదన్నారు. ఇంకోచోట ఇనపవే చూపించారు, వాటిని చూస్తేనే నాకు ఒళ్ళు మండింది. ఆ ఎండలో తిరిగి తిరిగి, ఒక సందులో వయొలిన్లు బాగుచేసే ముసలాయన దగ్గర విడివిడిగా కాగితం కవర్లలో ఉన్నవి దొరికాయి. ఆయనకు తెలుగు వచ్చు. గిటారు ఎంత పాతది, చెక్క ఉబ్బిందా, ఎక్కడ ఉంటారు అని వైద్యుడిలా అడిగి, వెతికి తీసి ఇచ్చాడు. సముద్రం పక్కన గనుక వాయించినప్పుడల్లా పొడిగుడ్డతో తుడిచి పెట్టమన్నాడు. కొత్తవి కొన్నాళ్ళు సాగుతూనే ఉంటాయి, కంగారుపడవద్దని కూడా చెప్పాడు. ఆ మాట మొదటి అంగడివాడు చెప్పి ఉంటే నాకు ఇంత అగచాట్లు ఉండేవా? నువ్వే చెప్పు.

తెచ్చాను, బిగించాం. అక్కయ్యా, మళ్ళీ జారడం. ఆయన ముందే చెప్పినా నా మనసు ఒప్పుకోలేదు. కమిటీ వచ్చే రోజు దగ్గరపడుతోంది. బిడ్డ అన్నం ముందు కూర్చుని కూడా తీగ బిగించే మర తిప్పుతోంది. విచిత్రమేమంటే టీ రంగు తీగలు మూడూ కదలకుండా నిలిచాయి. అవి ముందే సాగినవి గనుక నిలిచాయని సుగుణ అంటుంది. పోలమ్మ ఒప్పుకోదు. గోడ అవతల నుంచి ఒకటే దెప్పుడు.

“చూసినావా పెద్దాయనా? నా చెక్క తాగినవి నిలిచినాయి, నీ మద్రాసువి జారతా ఉండాయి.”

నేను గోడ ఇవతల పొడిగుడ్డతో తీగలు తుడుస్తూ కూర్చున్నాను.

నిన్న పాఠశాల హాల్లో కమిటీ కూర్చుంది. సెక్రటరీ అయ్యగారు, పాస్టరుగారు, ఇంకా ఇద్దరు. హార్మోనియం అతను ముందే వాయించాడు. బాగానే వాయించాడు, దేవుడి ముందు అబద్ధం చెప్పకూడదు. తర్వాత సుగుణ పిల్లలను నిలబెట్టి మొదలుపెట్టింది. నేను వెనక కిటికీ దగ్గర, బయట పోలమ్మ. రెండో పాట నడుమ ఒక లావు తీగ జారింది. సుగుణ తల ఎత్తలేదు. పిల్లలు చరణం పాడుతుంటే ఒక్క చేత్తో మర తిప్పి, వాళ్ళు పల్లవికి వచ్చేసరికి అందుకుంది. పిల్లలు కూడా బెదరలేదు, ఏడాదంతా అంత చక్కగా నేర్పింది.

అయిపోయాక సెక్రటరీ అయ్యగారు గిటారు దగ్గరికి వచ్చి వంగి చూశారు. సగం తీగలు ఎర్రగా, సగం తెల్లగా ఎందుకున్నాయని అడిగారు. ఇంకేముంది, పని చెడింది అనుకున్నాను.

“చెక్క తాపించినామయ్యా” అంది సుగుణ. “ఈ ఊళ్ళో కొత్త నూలుకు అట్నే చేస్తారు.”

ఆయన కాసేపు నవ్వు ఆపుకోలేకపోయారు. కిటికీ బయట నుంచి పోలమ్మ, నిజమేనయ్యా, నేనే తాపినా అని సాక్ష్యం చెప్పింది. ఆయన కళ్ళు తుడుచుకుని, కమిటీ వైపు ఒకసారి చూసి, “అయితే ఈ అమ్మాయి ఈ ఊరిదే అయిపోయిందిగదా, ఇంకెక్కడికి పంపిస్తాం” అన్నారు. కాగితం సోమవారం ఇస్తారట.

ఇంటికి వచ్చినాక సుగుణ గిటారు పొడిగుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టి, నా పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చింది. సంతోషంతోనేలే. నేనూ ఏడ్చాను.

ఈసారి ఎవరైనా ఇటు వస్తుంటే రాగిపిండి కాస్త, నీ చేతి గోంగూర పచ్చడి ఒక జాడీ పంపు. పోలమ్మకు కూడా రుచి చూపిస్తానని మాట ఇచ్చాను. దానికి బదులు ఎండుచేపలు కట్టి పంపుతానంటోంది. నువ్వు పెద్దదానివి, ప్రార్థనలో బిడ్డను తలుచుకుని దీవించు. బావగారికి మా ఇద్దరి వందనాలు, పిల్లలకు ముద్దులు.

నీ దీవెనలు ఎప్పుడూ కోరే తమ్ముడు,
దావీదు

ఈ వార్త తప్పక చెప్పవలసిన వాళ్ళు:

బావగారికి ముందు, ఉత్తరం చదివిన వెంటనే.

సుగుణ మేనమామ రత్నానికి. ట్రైనింగులో చేర్చేనాడు బిడ్డ ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని బస్సుదాకా నడిచినవాడు. వాడు పొలంలో ఉంటే పొలానికే మనిషిని పంపు.

చిల్లకూరులో మన అత్త కూతురు శాంతమ్మకు. డొల్లపెట్టె వాయిస్తే ఎవరిస్తారు ఉద్యోగం అని అన్నదిగదా. ఎత్తిపొడవకుండా చెప్పండి. కొంచెం ఎత్తిపొడిచినా పరవాలేదు.

చిన్నాయన ఏసోబుకు. చూపు లేదు గనుక చెయ్యి పట్టుకుని, పక్కన కూర్చుని, నిదానంగా చెప్పు.

మన పెదనాన్న కొడుకు జోసఫన్నకు. నేను తిరిగి వస్తానని మా చేను దున్నకుండా అట్లాగే ఉంచాడు. ఈ ఏడు వాన పడగానే దున్ని జొన్న చల్లుకోమను. నా కోసం చూడొద్దను.