కారకుండా పది రోజులు

3వ తేదీ, ఉదయం 7.10
మా అమ్మాయి సాధించేసింది! సిరంజిల ఫ్యాక్టరీలో ఇంజనీరు తను. పని జరిగే తీరు గమనించి, తప్పు ఎక్కడ పుడుతోందో పట్టుకుని సరిచేయడం తన ఉద్యోగం. నెలల తరబడి కొన్ని సిరంజిలు కారుతున్నాయట. కారణం పట్టేసింది! పది రోజులు నడిపి చూస్తారట. నెగ్గితే విభాగం మొత్తానికి తనే పెద్ద.
"అప్పటిదాకా ఎవరికీ చెప్పకు నాన్నా. తేడా వస్తే నా పరువు పోతుంది," అంది.
చదివింది ఏడో తరగతే అయినా మాట మీద నిలబడే మనిషిని. పది రోజులు నోరు విప్పను. తప్పు జరిగితే మనిషిని తిట్టకుండా, 'ఎందుకు' అని ఐదుసార్లు అడగాలట వాళ్ళ పద్ధతిలో. నేనూ అలాగే రాసుకుంటాను.

4వ తేదీ
లీకులు: సున్నా. ఎవరూ ఫోన్ చేయలేదు. ఇంత సులువా!

5వ తేదీ, 10.30
లీకు: ఒకటి. సెలూన్ అతను మెడ మీద కత్తి పెట్టి అమ్మాయి ఎలా ఉందని అడిగాడు. కత్తి కింద అబద్ధం ఆడతామా?
ఎందుకు చెప్పాను? అడిగాడు కాబట్టి. ఎందుకు అడిగాడు? నేను నవ్వుతున్నాను కాబట్టి. ఎందుకు నవ్వాను? ఇక్కడ మళ్ళీ నవ్వొచ్చి ఆగిపోయాను.
పరిష్కారం: నవ్వకూడదు.

7వ తేదీ
నవ్వకుండా కూర్చుంటే, ఒంట్లో బాగాలేదేమోనని పక్కింటాయన పళ్ళు పట్టుకుని వచ్చాడు. ఆయన దిగులు తీర్చడానికి చెప్పాల్సి వచ్చింది. దీన్ని లీకు అనకూడదు.
సాయంత్రం బీపీ మాత్రలకని మందుల షాపుకు వెళ్ళి, అక్కర్లేని సిరంజి ఒకటి కొన్నాను. దాన్ని చేత్తో పట్టుకుని పావుగంట మాట్లాడాను. విన్నవాళ్ళు ఆరుగురు. సందర్భం ఒకటే కాబట్టి ఒకటిగా రాశాను.

9వ తేదీ
చెల్లెలు ఫోన్ చేసింది. హలో అనడానికి బదులు "చెప్పకూడదు" అన్నాను. ఏం చెప్పకూడదో రాబట్టడానికి దానికి రెండు నిమిషాలు పట్టింది.
"అది నోరు కాదు, తూము," అంది మా ఆవిడ.

11వ తేదీ, సాయంత్రం 6.00
చెల్లెలు నేరుగా అమ్మాయికే ఫోన్ చేసి అభినందించిందట. ఆ ఉదయమే మూడు సిరంజిలు కారాయట. వెంటనే అమ్మాయి నాకు ఫోన్ చేసింది.
"ఇప్పుడు ఓడిపోతే ఎంతమందికి జవాబు చెప్పుకోవాలి నాన్నా?"
డైరీ తీసి లెక్క చూశాను. మళ్ళీ మూసేశాను. అన్నం సహించలేదు.

13వ తేదీ, మధ్యాహ్నం 1.20
నెగ్గింది! కారిన ఆ మూడూ పాత సరుకులోవట. చెప్పడానికి తనే ఇంటికి వచ్చింది. నేను తలొంచుకుని డైరీ ముందు పెట్టాను. చదివి, పెన్ను తీసుకుని నన్ను అడుగుతూ రాసింది.
అత్తకు ఎందుకు తెలిసింది? నేను చెప్పాను కాబట్టి. ఎందుకు చెప్పావు? ఆపుకోలేక. ఎందుకు ఆపుకోలేకపోయావు? పొంగిపోయి. అసలు నీ దాకా ఎందుకు వచ్చింది? నువ్వు చెప్పావు కాబట్టి.
"మరి నేనెందుకు చెప్పాను?" అని తనే అనుకుని, పెన్ను పక్కన పెట్టేసింది.
"నీకు చెప్పకుండా ఉండలేకపోయాను నాన్నా."

13వ తేదీ, 3.00
ప్రమోషన్ ఆర్డరు కాగితం సోమవారం చేతికొస్తుందట. అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దంది. రేపటి నుంచి నోరు విప్పను. సోమవారం చెప్పి తీరాల్సినవాళ్ళు:
పెద్దక్క (వినబడదు, గట్టిగా చెప్పాలి. వీధికి వేరే చెప్పక్కర్లేదు)
చెల్లెలు (తెలుసు. అయినా చెప్పకపోతే అలుగుతుంది)
మా ఆవిడ వైపు పిన్నిగారు (పెద్దక్కకు ముందు చెప్పామని తెలియకూడదు)
బావమరిది (ఇప్పుడే ఫోన్ చేశాడు. టిక్ పెట్టేశాను)